ఊరు పాడుకొన్న పాట

ప్రతి సంవత్సరం ఫిబ్రవరిలోగాని, మార్చి మొదటి రోజులలోగాని అమెరికా దక్షిణ భాగాన, మిసిసిపీ నది ఒడ్డున వెలసిన న్యూ ఆర్లియన్స్ నగరం ఒక పెద్ద పండుగ చేసుకొంటుంది. దాని పేరు మార్డీ గ్రా. క్రైస్తవులు నలువది దినాల ఉపవాస దీక్ష పట్టబోయే ముందటి మంగళవారమది. దీక్ష మొదలైన తరువాత తిండికీ, ఆటపాటలకూ కట్టడి గనుక, ఆ లోపలనే వీధులన్నీ ఊరేగింపులతో, వేషాలతో, బాకాల మోతతో నిండిపోతాయి. ఆ దినాలలో ఇళ్లలోనూ, పానశాలలలోనూ, రేడియోలోనూ తప్పక వినవచ్చే పాట ఒకటున్నది. పియానో గలగలలతో మొదలై, నడుమ ఒక ఈలతో సాగి, పండుగ చూడ రమ్మని పిలిచే పాట. 1959లో రికార్డయిన ఆ పాట ఆ నగరానికి పండుగ గుర్తుగా నిలిచిపోయినది. దానిని పాడినవాడు మాత్రం ఆ తరువాతి పదేండ్లలో, అదే నగరంలో, ఒక గ్రామఫోను రికార్డుల దుకాణంలో చీపురు పట్టి నేల ఊడ్చి బ్రతికినాడు.

ఆయన అసలు పేరు హెన్రీ రోలండ్ బర్డ్. లోకం ఎరిగిన పేరు ప్రొఫెసర్ లాంగ్‌హెయిర్. అభిమానులకు ‘ఫెస్’. లాంగ్‌హెయిర్ అనగా పొడుగు జుట్టువాడు. ఇక ప్రొఫెసర్ అన్న బిరుదుకూ, విశ్వవిద్యాలయాలకూ ఎట్టి సంబంధమూ లేదు. పానశాలలలోనూ, వేశ్యావాటికలలోనూ పియానో వాయించి పొట్ట పోసుకొనేవారిని ఆ నగరంలో పూర్వం నుండి ‘ప్రొఫెసర్’ అని పిలిచే వాడుక ఉన్నది. అది హేళన కాదు, మన్ననయే. మన పల్లెలలో పద్యనాటకాలకు హార్మోనియం వాయించే ఆయనను ‘మాష్టారు’ అంటామే, దాదాపు అటువంటిదే.

1918 డిసెంబరు 19న లూయిసియానా రాష్ట్రంలోని బొగలూసా అనే పట్టణంలో ఆయన జన్మించినాడు. బొగలూసా కలప కోత కర్మాగారాల ఊరు. తల్లిదండ్రులిద్దరూ సంగీతం తెలిసినవారే. చంటిబిడ్డగా ఉండగానే తల్లి న్యూ ఆర్లియన్స్‌కు తీసుకొనివచ్చినది. మొదటి సంగీత పాఠాలు ఆమె వద్దనే. పియానో కొనే తాహతు ఆ ఇంటికి లేదు. ఎవరో పనికిరాదని సందులో పారవేసిన పాత పియానో మీద ఆ బాలుడు సాధన చేసినాడని చెప్పుకొంటారు. దానిలో కొన్ని మెట్లు పలుకవు, కొన్ని మెట్లు అసలే లేవు. పలికే మెట్ల మీదనే పాటను ఎట్లా నిలబెట్టాలో వెదుక్కొనవలసి వచ్చింది. ఆయన వాయింపులోని విలక్షణత కొంత ఈ పలుకని మెట్ల చలువయేనని కొందరి ఊహ. ఊహయే కావచ్చును. కాని లేమి నేర్పే ఉపాయాలను కలిమి నేర్పదన్న మాట తెలిసినవారికి అది అసంభవంగా తోచదు.

చేతికంటె ముందు ఆయనకు కాలు పలికినది. బాల్యంలో బూర్బన్ వీధిలో బాటసారుల ఎదుట బూట్ల చప్పుడుతో తాళం వేస్తూ నర్తించి నాణేలు సంపాదించేవాడు. తరువాతి కాలంలో పియానో ముందు కూర్చున్నా ఆ పాదం ఊరకుండలేదు. వాద్యం ముందటి పలకను కుడికాలితో తన్నుతూ దరువు వేసేవాడు. ఆ తాపులకు పలకలు పగిలిన సందర్భాలు కూడా ఉన్నవి. పియానో సొంతదారులకు అది గిట్టకపోవడంలో వింత లేదు గాని, విన్నవారు మాత్రం మద్దెల కూడా వినవచ్చినట్లు ఉండేదని మెచ్చుకొన్నారు.

గురువులు కూడా వీధిలోనివారే. టట్స్ వాషింగ్టన్, సల్లివన్ రాక్, కిడ్ స్టార్మీ వెదర్ మొదలైన పానశాల వాద్యకారుల ప్రక్కన నిలబడి, వారి వేళ్ల కదలికను చూచి నేర్చుకొన్నాడు. స్వరలిపితో ఆయనకు పని లేదు. 1937లో ప్రభుత్వం నిరుద్యోగ యువకుల కోసం నడిపిన శ్రమ శిబిరంలో చేరినాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో కొన్నాళ్లు సైన్యంలో ఉండి, ఆరోగ్యం చాలక తిరిగి వచ్చినాడు. ఆ నడుమ కాలమంతా పేకాటయే ఆయనకు జీవనోపాధి. అందులో దిట్ట అనే పేరు కూడా ఉన్నది. సంగీతంలో నాలుగు డబ్బులు రాని కాలంలో పేకముక్కలు ఆయనను పోషించినవి. ఈ సంగతిని చరిత్రకారులు దాచలేదు. దాచవలసిన అవసరమూ లేదు.

ఆయనను గాయకునిగా నిలబెట్టినది 1940ల చివర ట్రెమే పేటలోని కల్డోనియా ఇన్ అనే పానశాల. డేవ్ బార్తలమ్యూ అనే పేరుపొందిన బాకా విద్వాంసుని బృందం అక్కడ వాయిస్తుండేది. ఒకనాటి రాత్రి ఆ బృందం విశ్రాంతికై లేచిన సమయంలో బర్డ్ పియానో ముందు కూర్చున్నాడు. జనం గుమిగూడినారు. యజమాని ఆ బృందాన్ని మానిపించి బర్డ్‌నే నియమించుకొన్నాడని, ఆయన పొడుగు జుట్టు చూచి ‘ప్రొఫెసర్ లాంగ్‌హెయిర్’ అని పేరు పెట్టినది కూడా ఆ యజమానియేనని ప్రతీతి. విశేషమేమనగా ఈ బార్తలమ్యూయే 1949లో ఫ్యాట్స్ డామినో అనే మరొక పియానో గాయకుని చేరదీసి, అతనిని లోక ప్రసిద్ధునిగా చేసినాడు. ఒకే నగరం, ఒకే కాలం, ఒకే వాద్యం. ఒకరి రికార్డులు లక్షల కొలది అమ్ముడుపోగా, మరొకరి పేరు ఆ నగర సరిహద్దు దాటలేదు.

ఆ సంగీతమేమిటో కొంత వివరంగా చెప్పుకొనవలెను. నల్లజాతివారి కోసం అచ్చయ్యే రికార్డులను అమెరికాలో చాలాకాలం ‘జాతి రికార్డులు’ అని ప్రత్యేకించి పిలిచేవారు. ఆ పేరులోని అవమానాన్ని గుర్తించి, 1949లో బిల్‌బోర్డ్ అనే వ్యాపార పత్రిక దానిని తొలగించి ‘రిథమ్ అండ్ బ్లూస్’ అనే పేరు వాడుకలోనికి తెచ్చినది. రిథమ్ అనగా లయ; బ్లూస్ అనగా బానిసత్వపు వేదన నుండి పుట్టిన ఒక గానశైలి. చికాగో, మెంఫిస్ నగరాలలో ఈ సంగీతం ఒక్కొక్క రూపం దాల్చినది. న్యూ ఆర్లియన్స్ రూపం వేరు. అది ఓడరేవు. కరీబియన్ ద్వీపాలు దానికి సముద్రం మీది ఇరుగుపొరుగు. హైటీ విప్లవం నుండి తప్పించుకొని క్యూబాలో తలదాచుకొన్నవారు 1809 ప్రాంతంలో తొమ్మిది వేలకు పైగా ఈ నగరానికి వచ్చి స్థిరపడినారు. వారితోపాటు వారి దరువులు వచ్చినవి. నగర మధ్యంలోని కాంగో స్క్వేర్ అనే మైదానంలో బానిసలు ఆదివారం నాడు కూడి ఆడి పాడుకొనేవారు. ఆ సంప్రదాయాలన్నీ ఒకదానిలో ఒకటి కరిగి, నూరేండ్ల పైచిలుకు కాలం తరువాత ఒక పేద పియానో వాద్యకారుని ఎడమచేతిలో తేలినవి.

ఆ ఎడమచేతి పనితనం తెలుగు ఛందస్సు చదివినవారికి సులభంగా బోధపడుతుంది. ఎనిమిది మాత్రల కాలాన్ని నాలుగు నాలుగుగా విరిస్తే అది మధురగతి రగడ నడక వలె సమంగా సాగిపోతుంది. లాంగ్‌హెయిర్ ఎడమచేయి దానిని మూడు, మూడు, రెండుగా విరుస్తుంది. మూడూ నాలుగూ కలిసిన వృషభగతి రగడలో ఒక తూగు వస్తుంది కదా, అటువంటి తూగే ఇక్కడ మరొక లెక్కతో వస్తుంది. ఉపాధ్యాయుడు ఈ రెండు విరుపులనూ బల్ల మీద తట్టి చూపితే చాలు, మొదటిది నడక, రెండవది నాట్యమని తరగతి అంతా గ్రహిస్తుంది. ఎడమచేయి ఇట్లా క్యూబా రుంబా నడకలో ఉండగా, కుడిచేయి దానితో పొత్తు లేనట్లుగా గబగబ మూడేసి స్వరాల జల్లులు కురిపిస్తుంది. రెండు చేతులూ చెరొక దారిన పోతున్నవని వినేవాడు అనుకొనేంతలో ఒకే చోట వచ్చి కలుస్తాయి. తన సంగీతం రుంబా, మాంబో, కాలిప్సోల కలయిక అని ఆయనే చెప్పుకొన్నాడు. గొంతు మాత్రం శాస్త్రం ఒప్పుకొనే గొంతు కాదు. బొంగురుగా ఉండి, పై స్థాయిలో చిట్లిపోయేది. పాటలో కొన్నిచోట్ల మాటలకు అర్థం కూడా ఉండదు. నోటికి వచ్చిన అక్షరాలను జతుల వలె వాడుకొనేవాడు. అర్థం లేని ఆ అక్షరాలలోనే పాట ఆయువుపట్టు ఉన్నదని ఒకసారి విన్నవారు కాదనలేరు.

1949లో టెక్సాస్ రాష్ట్రపు చిన్న కంపెనీ ఒకటి ఆయన పాటలు మొదటిసారి రికార్డు చేసినది. మార్డీ గ్రా పాట తొలి రూపం అప్పటిదే. వాద్యకారుల సంఘంతో తగవు వచ్చి ఆ రికార్డులు ముందుకు సాగలేదు. వెంటనే మెర్క్యురీ కంపెనీ వచ్చినది. 1950లో దాని ద్వారా వెలువడిన ‘బాల్డ్‌హెడ్’ అనే హాస్యగీతం రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో అయిదవ స్థానం అందుకొన్నది. జుట్టు లేని స్త్రీని గూర్చిన పాట అది. పాడినవాడు పొడుగు జుట్టువాడు. ఆయన జీవితంలో దేశమంతటా వినవచ్చిన పాట ఈ ఒక్కటియే.

ఆ కాలంలోనే అట్లాంటిక్ కంపెనీ స్థాపకుడు అహ్మెట్ ఎర్టెగన్ ఆయనను వెదుక్కొంటూ వచ్చినాడు. ఎర్టెగన్ తుర్కీ రాయబారి కుమారుడు. మిసిసిపీ నది దాటి, చీకటిలో పొలాల మీదుగా నడచి వెళ్లగా, ఒక ఇంటి నుండి సంగీతం వెల్లువగా వస్తున్నదట. పెద్ద బృందమని అనుకొని లోనికి తొంగిచూస్తే, కాలితో పియానోను తన్నుతూ పాడుతున్న ఒకే ఒక్కడు కనిపించినాడట. ఒప్పందం మాట ఎత్తేసరికి, మెర్క్యురీతో ఇంతకుముందే సంతకమైనదని జవాబు వచ్చినదట. ఎర్టెగన్ ఈ కథను రుచిగా చెప్పేవాడు. కొంత మసాలా దట్టించి ఉంటాడు కూడా. ఏమైనా ఆయన అట్లాంటిక్‌కు కూడా పాడినాడు. 1953లో ఆ కంపెనీకే పాడిన ‘టిపిటీనా’ ఆయన కృతులలో శిఖరం వంటిది. ఆ పేరుకు అర్థమేమో చెప్పే కథలు చాలా ఉన్నవి, ఒకదానితో ఒకటి పొసగవు. న్యూ ఆర్లియన్స్‌లో పియానో నేర్చుకొనే కుర్రవాడు ఆ పాట రానిదే బయట వాయించడానికి సాహసింపడు.

శిఖరం ఎక్కినవానికి సొమ్ము దక్కలేదు. 1953లోనే ఫ్యాట్స్ డామినో మార్డీ గ్రా పాటను తన పద్ధతిలో పాడి రికార్డు చేసినాడు. డామినో గొంతు మెత్తన, నడక సుగమం. అమెరికాలోని ఏ పట్టణంలోని శ్రోత అయినా మొదటిసారి విన్నప్పుడే తలూపగలడు. లాంగ్‌హెయిర్ సంగీతం అట్లా కాదు. దానికి ఆ నగరపు వీధి బాజాల నడక ఎరిగిన డ్రమ్ము వాద్యకారుడు కావలెను, ఆ నడకకు అడుగు వేయగల శ్రోతలు కావలెను. నలుగురికీ ఒదిగేటట్లు ఆయన దానిని చెక్కి నునుపు చేయలేదు. చేయగలిగినా చేసేవాడు కాడేమో. పై ఊళ్లకు తిరిగి కచేరీలు చేయడం కూడా ఆయనకు సాగలేదు. 1950ల నడుమ స్వల్పంగా పక్షవాతం సోకి కొంతకాలం వాద్యానికి దూరమైనాడు. 1957లో తిరిగి పాడినాడు. 1959లో రాన్ అనే స్థానిక కంపెనీకి మార్డీ గ్రా పాటను మళ్లీ రికార్డు చేసినాడు. మొదట చెప్పిన పండుగ పాట ఇదియే. ఊరు దానిని సొంతం చేసుకొన్నది. ఆయన చేతికి వచ్చిన పైకం స్వల్పం.

1964లో మరొక పండుగ పాట వచ్చినది, ‘బిగ్ చీఫ్’. దీని వెనుక ఒక ఆచారం ఉన్నది. న్యూ ఆర్లియన్స్ నల్లజాతి పేటలలో కొందరు అమెరికా ఆదిమవాసుల వేషం కట్టి మార్డీ గ్రా నాడు వీధులలోనికి వస్తారు. పూసలూ ఈకలూ కుట్టిన ఆ వేషాలను సంవత్సరమంతా రాత్రింబవళ్లు తామే కుట్టుకొంటారు. వారి దళపతియే బిగ్ చీఫ్. పాట రచన ఎర్ల్ కింగ్‌ది. రికార్డులో వినవచ్చే గొంతూ, ఈలా అతనివే. లాంగ్‌హెయిర్‌ది పియానో మాత్రమే. అయినను ఆ పాట వినగానే తలపునకు వచ్చేది మొదటి పది క్షణాల పియానో. ఎడమచేయీ కుడిచేయీ ఒకదానినొకటి తరుముకొనే ఆ ఆరంభం నేటికీ వాద్యకారులకు పరీక్షాపత్రం వంటిది.

దాని తరువాత నిశ్శబ్దం. అమెరికా యువజనుల అభిరుచి మారినది, పాతతరం పియానో గాయకులకు పిలుపులు తగ్గినవి. ఆయన పేకాటతోనూ, చిల్లర పనులతోనూ కాలం గడపినాడు. దక్షిణ రాంపార్ట్ వీధిలోని రికార్డుల దుకాణంలో నేల ఊడ్చినది ఈ కాలంలోనే. ఆయన పాట వింటూ పెరిగిన డాక్టర్ జాన్, అలెన్ టూసాంట్, జేమ్స్ బుకర్ మొదలైనవారు అప్పటికే సంగీత రంగంలో ఉన్నారు. టూసాంట్ అనంతర కాలంలో ఆయనను రాక్ సంగీతానికి బాఖ్ వంటివాడని కొనియాడినాడు. వారి వేళ్ల మీద ఆయన బాణీ దేశమంతా తిరుగుతుండగా, బాణీ కట్టినవాడు దుకాణం గడపలో ఉండిపోయినాడు. దీనికి ఏ ఒక్కరినో నిందించి ప్రయోజనం లేదు. పాటను ప్రేమించడం ఒక పని, పాటగాని కుశలం కనుక్కొనడం వేరొక పని. ఆ ఊరు మొదటిది చేసినది, రెండవది మరచినది.

మరువని యువకులు కొందరున్నారు. 1970లో ఆ నగరంలో జాజ్ అండ్ హెరిటేజ్ ఉత్సవం ఆరంభమైనది. దాని నిర్వహణలో పాలుపంచుకొన్న క్విన్ట్ డేవిస్ అనే యువకుడు పండుగ పాటను విని, పాడినవాడు ఎక్కడున్నాడని వాకబు చేసి, చివరకు ఆ దుకాణంలో పట్టుకొన్నాడు. 1971 ఉత్సవంలో, బానిసలు ఒకప్పుడు ఆడిపాడిన కాంగో స్క్వేర్‌లోనే, లాంగ్‌హెయిర్ మళ్లీ పియానో ముందు కూర్చున్నాడు. ప్రక్కన స్నూక్స్ ఈగ్లిన్ అనే అంధ విద్వాంసుడు గిటారు పట్టినాడు. మిగిలిన వేదికల వద్ద ఉన్నవారు సైతం తమ పని ఆపి ఆ వైపు నడచినారని చూచినవారు చెప్పినారు. ఆయనకు అప్పుడు 52 ఏండ్లు.

తక్కిన తొమ్మిదేండ్లూ త్వరగా గడచినవి. 1973లో స్విట్జర్లాండులోని మోంట్రో ఉత్సవానికి వెళ్లినాడు. 1974లో ఇల్లు అగ్నికి ఆహుతి అయినది. ఆ ఏడే గేట్‌మౌత్ బ్రౌన్ గిటారు తోడుగా ‘రాక్ ఎన్ రోల్ గంబో’ రికార్డు చేసినాడు. 1975 మార్చిలో బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్నీ, కాలిఫోర్నియా రేవులో నిలిపిన క్వీన్ మేరీ నౌకపై ఇచ్చిన విందుకు ఆయనను పిలిపించి పాడించినాడు. 1977లో అభిమానులైన యువకులు పద్నాలుగుగురు కలిసి, నెపోలియన్ అవెన్యూ మూలనున్న పాత భవనం ఒకటి తీసుకొని సంగీతశాల తెరిచినారు. ఆయన ముదిమిలో వాయించుకొనడానికి ఒక చోటు ఉండవలెనన్నది వారి ముఖ్యోద్దేశం. దానికి పెట్టిన పేరు ‘టిపిటీనాస్’. అది నేటికీ ఉన్నది. ద్వారం దగ్గర ఆయన కంచు ప్రతిమ ఉన్నది. ఒక కళాకారునికి ఆయన బ్రతికి ఉండగానే, ఆయన పాట పేరుతోనే, ఆయన కోసమే ఒక శాల కట్టబెట్టడం ఎక్కడనో గాని జరుగదు.

1979 నవంబరులో ‘క్రాఫిష్ ఫియస్టా’ రికార్డు చేసినాడు. స్వయంగా గొప్ప పియానో వాద్యకారుడైన డాక్టర్ జాన్ ఈ రికార్డు కోసం తన వాద్యాన్ని ప్రక్కన పెట్టి గిటారు పట్టుకొన్నాడు. గురువు పియానో ముందు ఉండగా శిష్యుడు తీసుకొన్న స్థానమది. ఆ రికార్డు విపణికి వస్తున్న రోజులలోనే, 1980 జనవరి 30న, లాంగ్‌హెయిర్ నిద్రలోనే కన్నుమూసినాడు.

అప్పటికి ఒక చిత్రం తయారౌతున్నది. టట్స్ వాషింగ్టన్, లాంగ్‌హెయిర్, అలెన్ టూసాంట్, మూడు తరాల పియానో వాద్యకారులను ఒకే వేదికపై కూర్చుండబెట్టవలెనని స్టీవెన్సన్ పాల్ఫీ అనే దర్శకుని సంకల్పం. ముగ్గురూ కలిసి సాధన చేసినారు. కచేరీ దినం రాకముందే నడిమివాడు వెళ్లిపోయినాడు. 1982లో వెలువడిన ఆ చిత్రంలో ముగ్గురి సాధనా ఉన్నది, వెనువెంట ఒకరి అంత్యయాత్రా ఉన్నది. ముగ్గురిలో పెద్దవాడైన వాషింగ్టన్ మరి నాలుగేండ్లు జీవించి, 1984లో అదే నగరంలోని ప్రపంచ ప్రదర్శనలో పియానో వాయిస్తూ వాయిస్తూనే ప్రాణం విడిచినాడు.

గౌరవాలు తరువాత వచ్చినవి. 1992లో రాక్ అండ్ రోల్ ప్రముఖుల మందిరంలో ఆయన పేరు చేర్చినారు. 1953 నాటి ‘టిపిటీనా’ 2011లో అమెరికా జాతీయ ధ్వనిముద్రణల పట్టికకు ఎక్కినది. వీటికి ముందే, 1987లో, ‘హౌస్ పార్టీ న్యూ ఆర్లియన్స్ స్టైల్’ అనే ఆల్బం వెలువడి, మరుసటి ఏడు సంప్రదాయ బ్లూస్ విభాగంలో గ్రామీ బహుమతి పొందినది. ఆ పాటలు కొత్తవి కావు. 1971లోనూ, 1972లోనూ, నేల ఊడ్చిన దుకాణం విడిచి ఎంతో కాలం కాకుండానే, బేటన్ రూజ్, మెంఫిస్ నగరాలలో ఆయన పాడిన టేపులవి. పదిహేనేండ్లు వాటిని ఎవరూ అచ్చువేయలేదు.